ఎడమ తోక

బోయిన్‌పల్లి మార్కెట్‌కి పోయే
ఉల్లిగడ్డల లారీల దుమ్ము
ముప్పై ఏళ్లుగా దాని మీదే దిగుతోంది.
మా పాలిటెక్నిక్ సైకిల్ స్టాండు పక్కన
మూడు సిమెంటు దిమ్మెల మీద ఒక వాంపైర్.
పిల్లలకది గబ్బిలం.
ఆఫీసు రిజిస్టర్లో డెడ్ స్టాక్, నలభై ఒకటో వస్తువు.
నలభయ్యోది విరిగిన బ్లాక్‌బోర్డు.

ముక్కు చెక్కది. చెప్తే నమ్మరు.
ప్లైవుడ్, బాల్సా, మళ్లీ ప్లైవుడ్, మధ్యలో జిగురు.
మబ్బులకు దొరకనిది చెదలకు దొరికింది.
పోయిన వానాకాలం టార్చి వేసి చూస్తే
పైలట్ కుర్చీ కింద మట్టి సొరంగాలు,
ఏ మ్యాపులోనూ లేని దారులు.

ఆ వారమే అల్వాల్ వెళ్లి
ఏసురత్నం గారిని వెంటబెట్టుకొచ్చాను.
హకీంపేటలో ఇరవై రెండేళ్లు ఫిట్టరు.
ఒక చెవిని ఇంజన్లు తినేశాయి,
రెండో చెవితో లోకాన్ని ఓపిగ్గా వింటాడు.
రాగానే చెప్పులు విడిచి
టిఫిన్ డబ్బా రెక్క మీద పెట్టి
వేళ్లు మడిచి దాని పొట్ట మీద తట్టాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"బతికే ఉంది మేడమ్," అన్నాడు. "గీడ తప్ప."

రంగు గీకడం మొదలైంది.
పైన వెండి రంగు,
దాని కింద ఏదో ఆగస్టు పదిహేనుకి పూసిన నీలం,
దాని కింద కాంట్రాక్టరుకి మిగిలిపోయిన గేటు పచ్చ.
తడి గరుకు కాగితాన్ని గుండ్రంగా తిప్పుతుంటే
గోరంత మేర ఒక అంకె పైకి తేలింది.
ఏడు, అన్నాను.
ఒకటి, అన్నాడు.
మూడు రోజులు మాట్లాడుకోలేదు.

ఉత్తరాలు రాశాను.
మీ లేఖ సంబంధిత విభాగానికి పంపడమైనది, అని నాలుగు జవాబులు.
రికార్డులు నశించినవి, అని ఒకటి.
ఆ ఒక్క జవాబే నిజాయితీగా అనిపించి
దాచుకున్నాను.

చివరికి రాణిగంజ్‌లో, తక్కెడ వెనక,
జహంగీర్ సేట్ బీరువాలో దొరికింది లాగ్‌బుక్కు.
వాళ్ల నాన్న కిలోల లెక్కన కొన్నాడట.
సమోసా పొట్లాలు కాగా మిగిలినవి
పంతొమ్మిది పేజీలు.
దిగింది. ఎగిరింది. దిగింది. టైరు మార్చాము. దిగింది.
యుద్ధం ఊసే లేదు.
ఒకచోట మాత్రం: గద్ద తగిలింది, కడిగాము.
ఎవరు కడిగారో,
బకెట్లో నీళ్లు ఏ రంగుకి తిరిగాయో రాయలేదు.

రెండు జడల బడిపిల్లలా దీనికి రెండు తోకలు.
కుడి తోక లోపల ఒక నంబరు,
ఎడమ తోక లోపల ఇంకొకటి.
పదిహేడో పేజీ మధ్యలో సన్నటి అక్షరాలు:
ఎడమ తోక మార్చడమైనది,
పనికిరాకుండా పోయిన మరొక విమానం నుంచి.

గట్టిగా చదివి వినిపించాను, మంచి చెవి వైపు.
ఆయన పుస్తకం అడగలేదు.
స్టూలెక్కి, మూత తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి
కళ్లు మూసుకుని రివెట్లు లెక్కపెట్టాడు.
పదకొండో దాని దగ్గర ఆగాడు.
"గిది వంకర."
కాసేపాగి, "నేను కొట్టిందే.
సార్జెంటు నన్ను ఎండల నిలవెట్టిండు,
విమానం పొయ్యొచ్చేదాంక.
పొయ్యొచ్చింది."

ఎడమ తోకతో అంతకుముందు
ఎవరు ఎగిరారో, చివరిసారి ఎలా దిగారో
ఆయనకీ తెలీదు.
ఆ పేజీలో ఏ సాయంత్రమో
ఎవరో సమోసా తిని, చేతులు తుడుచుకుని వెళ్లారు.

నిన్న బోర్డు రాయడానికి పెయింటర్ నాగమల్లు వచ్చాడు.
నంబరేంటి, అన్నాడు.
రెండు, అన్నాను.
రెండోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టమన్నాను.
అక్షరానికి ఇరవై, గుర్తుకి పది అదనం, అన్నాడు.

ఇచ్చాను.